నాలుక పట్టా సాక్ష్యము

రైలుబండిలో కిటికీ ప్రక్కన కూర్చుండి ప్రయాణించువాడు స్టేషను సమీపించునప్పుడు ప్లాట్‌ఫారమును, వేపచెట్టు నీడన మూటలతో నిలిచిన జనమును, అమ్మకపు తట్టలను చూచునే గాని, ఆ స్టేషను హద్దులో ఒక పట్టాదారి రెండుగా చీలుచోట, ఒక జత ఉక్కునాలుకలలో ఒకటి తన ప్రక్క పట్టాను సందు లేకుండ అంటిపెట్టుకొని యుండుట చేతనే తాను క్షేమముగా దిగగలుగుచున్నాడను సంగతి అతని మనస్సునకు తట్టదు. నాలుక పట్టా ఒక వైపునకు వాలిన బండి నేరుదారిని పోవును. రెండవ వైపునకు వాలిన లూపు దారిని పట్టును. రెంటికిని నడుమ ఆగిపోయినచో ముందు చక్రము ఒక దారిని, వెనుక చక్రము మరియొక దారిని పట్టి పెట్టె నేలకొరగును. ఇంగ్లీషు చదువుకొన్న ఉద్యోగులు దీనిని పాయింట్లనిరి. నైజాము రైల్వేలో ఉర్దూ మాటల నడుమ బ్రదికిన పనివారు కాంటా అనిరి. దానిని మార్చువాడు కాంటేవాలా అయ్యెను.

ఆ నాలుకలను ఇటునుండి అటు జరుపుటకు బలము చాలును. అవి నిజముగా జరిగి, అంటుకొని, కదలక నిలిచినవని దూరముననున్న డ్రైవరునకు నమ్మకముగా తెలియజేయుటకు మాత్రము ఒక శాస్త్రము కావలసివచ్చినది. దక్షిణ తెలంగాణపు మెట్టభూములలో నూటయేబది యేండ్లుగా సాగిన కాంటాపని చరిత్రయు, ఇంటిలో బల్లపై చిన్న రైలుమార్గము పరచుకొని దానికి కాంటామోటారును స్వహస్తములతో నిర్మించుకొను ఔత్సాహికుని శ్రమయు ఈ ఒక్క విషయము చుట్టునే తిరిగినవని నా నిశ్చితాభిప్రాయము.

పాలమూరని పిలువబడు మహబూబ్‌నగరు సీమకు రైలు మొదట అంచున తగిలినది. బొంబాయినుండి దక్షిణమునకు దిగిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసునుండి వచ్చిన మార్గముతో 1871లో రాయచూరున కలిసినప్పుడు, కృష్ణానదిని దాటుటకు ముందు ఉత్తరపు గట్టున మక్తల్ ప్రాంతమున కృష్ణ అను స్టేషను వెలసినది. నాటి నల్లగొండ జిల్లాకు రైలు ఉత్తరపు కొసన తాకినది. సికింద్రాబాదునుండి ఓరుగల్లు వైపు 1886లో సాగిన మార్గముపై బీబీనగరు, భువనగిరి, ఆలేరు స్టేషనులైనవి. పాలమూరు పట్టణమునకు మాత్రము రైలు రావలెనన్న ఇరువదవ శతాబ్దము కావలసివచ్చినది. కాచిగూడ స్టేషను కట్టడము 1916లో లేచిన ఆ దశకముననే మీటరు గేజి మార్గము షాద్‌నగరు, జడ్చర్ల మీదుగా దక్షిణమునకు పాకి, దేవరకద్ర, వనపర్తి రోడ్డు, గద్వాల దాటి, తరువాతి కాలమున కర్నూలు మీదుగా ద్రోణాచలము చేరెను. నల్లగొండ పట్టణపు నిరీక్షణ ఇంకను దీర్ఘమైనది. బీబీనగరునుండి నడికుడి వరకు వేసిన మార్గమునకు 1974లో శంకుస్థాపన జరుగగా, అది పూర్తియగుటకు 1989 వరకు పట్టినది. ఒక తరము పిల్లలు రైలును చూచుటకే భువనగిరి పోవలసిన జిల్లా అది.

దేశమంతట ఆనకట్టలకును కాలువలకును మట్టి తవ్వి ‘పాలమూరు లేబరు’ అని పేరుపడిన కష్టజీవుల సీమ పాలమూరు. వలసపోవువారికి రైలు ఎంత అవసరమో తిరిగివచ్చువారికి అంతకన్న అవసరము. కావున ఈ మార్గముల కాంటాల మీదుగా పోయిన బరువు సరకుల బరువొక్కటే కాదు.

పాలమూరు మార్గమంతయు ఆ కాలమున నొంటిదారి. ఎదురెదురుగా వచ్చు రెండు బండ్లు స్టేషనులోనే తప్పుకొనవలసియుండెను; అందుచే ప్రతి క్రాసింగు స్టేషనుకును రెండు కొసలయందు కాంటాలు, ఆ కాంటాలకొక మనిషి. స్టేషను మాస్టరు ప్రక్క స్టేషనుతో సంప్రదించి, నీల్ పద్ధతి టోకెను యంత్రమునుండి ఉక్కుగుండును బయటకు తీసి, తోలుసంచిలో వేసి, పొడవైన వెదురు పిడిగల వలయమునకు తగిలించి డ్రైవరు చేతికందునట్లు చేయుచుండెను. గుండు చేతనుండుట యనగా ముందరి దారి తనది యని అర్థము. అయితే ఆ గుండు రెండు స్టేషనుల నడిమి దారికే సాక్ష్యము. స్టేషను లోపలి కాంటా ఎటున్నదో అది చెప్పజాలదు. అది చెప్పవలసినవాడు కాంటేవాలాయే.

ఆ మనిషి పనిని కొంచెము దగ్గరగా చూడవలెను. వేసవిలో పట్టా ముట్టుకొన చేయి కాలును. శీతకాలమున రాత్రి రెండు గంటలకు గొంగడి కప్పుకొని, చేతిదీపము పట్టుకొని, కంకరమీద అడుగుల చప్పుడు తానే వినుచు ప్లాట్‌ఫారము కొస దాటి నడువవలెను. కాంటా ప్రక్కన ఇనుపగుండు బరువుగల లీవరు నేలకు వాలియుండును. తాళము తీసి, లీవరు నెత్తి రెండవ ప్రక్కకు వాల్చగా కడ్డీ నాలుక పట్టాలను లాగును. అంతటితో పని ముగిసెనని తిరిగిపోవువాడు కాంటేవాలా కాడు. వంగి దీపము వెలుగున నాలుక కొసను చూచి, సందులో కంకరరాయి గాని, బండినుండి జారిన బొగ్గుపెళ్ల గాని ఇరుకలేదని నిశ్చయించుకొని, నాలుకను ప్రక్క పట్టాకు బిగించు క్లాంపు వేసి, తాళము పెట్టి, తాళపుచెవిని స్టేషను మాస్టరు చేతిలో పెట్టవలెను. అప్పుడు గాని బండికి దారినిచ్చు సిగ్నలు రెక్క దిగరాదు. ఈ వరుసలో ఏ మెట్టు దాటినను ప్రాణాపాయమే. తాళపుచెవి ఒక మనిషి చేతినుండి మరియొక మనిషి చేతికి మారుటలో ఆ ఉక్కునాలుక చెప్పవలసిన మాట కూడ చేతులు మారుచుండెను. జీతపు పట్టికలో అట్టడుగుననున్న ఈ ఉద్యోగి మాటపై వందలమంది నిద్ర ఆధారపడి యుండెడిదన్న సంగతిని మన రైల్వే చరిత్రకారులు తగినంతగా వ్రాయలేదని నాకొక వెలితి యున్నది. వంతెనలు కట్టిన ఇంజనీర్ల పేర్లు శిలాఫలకములపై నిలిచినవి; కాంటేవాలా పేరు హాజరుపట్టికతో చెదలుపట్టిపోయినది.

తాళపుచెవితో తిరుగు ఈ మాటను యంత్రమునకు అప్పగించు ప్రయత్నము ఇంగ్లండున జాన్ సాక్స్‌బీతో బలపడినది. కాంటాలును సిగ్నళ్లును ఒకదానినొకటి కట్టడి చేయు లీవరు చట్రమునకు అతడు 1856లో పేటెంటు పొందెను. కాంటా సరిగా లేనిచో సిగ్నలు లీవరు లాగినను రాదు; సిగ్నలు దిగియున్నచో కాంటా లీవరు కదలదు. మనదేశమున 1890లలో లాహోరు వైపు స్టేషనులలో లిస్ట్, మోర్స్ అను ఇంజనీర్లు తాళపుచెవులతోనే ఈ కట్టడిని చౌకగా సాధించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. కాంటా ఒక స్థితిలో బిగిసినప్పుడు మాత్రమే దాని తాళపుచెవి విడివడును. ఆ చెవి పెట్టినప్పుడు మాత్రమే సిగ్నలు లీవరు విడుదలయగును. పేద దేశపు చిన్న స్టేషనులకు ఇంతకన్న తగిన ఉపాయము లేదు. మనిషి నడిచి తెచ్చు చెవికి అబద్ధమాడు వీలు లేకుండ చేయుటయే దాని గొప్పతనము.

ఇట్టి లీవరు చట్రములుండు సిగ్నలు కేబిన్లు వచ్చినచోట కాంటాకు కడ్డీలు, సిగ్నలుకు తీగలు సాగినవి. మెట్టసీమ ఎండలో మధ్యాహ్నమునకు తీగ సాగి సిగ్నలు రెక్క సగమే వాలును. రాత్రి చలికి తీగ ముడుచుకొని బిగుసుకొనును. కేబిన్ మనిషి ఎండను బట్టి తీగను బిగించుచు, చలిని బట్టి సడలించుచు ఋతువులను చేతులతోనే కొలుచుచుండెను. బండి ఎదురుగా వచ్చి నాలుక కొసను తాకు కాంటాకు ప్రత్యేకముగా తాళపుకడ్డీ నమర్చిరి. బండి మీదనుండగా నాలుక జరుగకుండ పట్టా ప్రక్కన పొడవాటి బద్దీని కూడ అమర్చిరి. చక్రములు బద్దీమీదనున్నంతసేపు అది పైకి లేవదు, అది లేవనిది తాళము విడదు. బండి తానే తన రక్షణకు పూనుకొనునట్లు చేసిన ఆ కల్పనను తలచినప్పుడెల్ల నాకు ఆనందము కలుగును.

ఈ సీమ రైలు చరిత్రలో మరువరాని రాత్రి యొకటి కలదు. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగరుల నడుమ వరదకు వంతెన కూలి బండి పడిపోగా నూరుమందికి పైగా మరణించిరి. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా నిచ్చినను ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. అదే ఏట నవంబరులో అరియలూరు ప్రమాదము తరువాత ఇచ్చిన రాజీనామాయే అంగీకృతమైనది. పాలమూరు దుర్ఘటనకు కాంటా కారణము కాదు. అయినను, చీకటిలో డ్రైవరు తాను చూడజాలని దారిని ఇతరుల మాటపై నమ్మి పోవునను సత్యమును పాలమూరు ఆ రాత్రి ఘోరముగా నేర్చుకొన్నది.

మరుసటి సంవత్సరమే, 1957 నవంబరు 24న, భారతీయ రైల్వేల సిగ్నలు ఇంజనీర్లకు శిక్షణనిచ్చు విద్యాలయము సికింద్రాబాదులో వెలసినది. ఇరిసెట్ అను పేరుతో అది నేటికిని అక్కడనే యున్నది. అచ్చటి మోడల్ గదిలో చిన్న పట్టాలు, చిన్న కాంటాలు, చిన్న సిగ్నళ్లు పరచి, నిజమైన స్టేషనులో చేయరాని తప్పులను బల్లపై చేసి చూపుదురు. అదే నగరమున మెట్టుగూడ సిగ్నల్ వర్క్‌షాపు నిజమైన కాంటామోటార్లను తయారుచేయుచున్నది. మెట్టభూములలోని స్టేషనుల కాంటాలు కదలుటకు కావలసిన విద్యయు, వస్తువును రెండును ఒక్క ఊరిలోనే లభించుట మన అదృష్టమనవలెను.

ఆ కాంటామోటారు పట్టా ప్రక్కన స్లీపర్ల మీద కూర్చుండు ఇనుపపెట్టె. అందులో 110 వోల్టుల డి.సి. మోటారు పండ్లచక్రములను, అవి ఒక రాపిడి క్లచ్చి ద్వారా కడ్డీని కదలించును. నాలుక చివరి వరకు జరిగిన పిమ్మట లోపలనే తాళము పడును. నాలుకకును ప్రక్క పట్టాకును నడుమ రాయి ఇరికినచో మోటారు కాలిపోకుండ క్లచ్చి జారును. ఇంతవరకు బలపు కథ. సాక్ష్యపు కథ వేరు. లాగు కడ్డీతో సంబంధము లేని సన్నని కడ్డీలు రెండు, ఒక్కొక్క నాలుకనుండి ఒక్కొక్కటి, నేరుగా పెట్టెలోనికి వచ్చును. అవి ఉండవలసిన చోట ఉన్నప్పుడే సిగ్నలుకు కరెంటు పోవును. పరీక్షకు వచ్చు సిగ్నలు ఉద్యోగి నాలుక కొసకు 150 మిల్లీమీటర్ల దూరమున 5 మిల్లీమీటర్ల మందముగల ఉక్కుబిళ్లను సందులో పెట్టి కాంటాను మార్పించును. తాళము పడరాదు, సాక్ష్యపు స్పర్శలు కలియరాదు, క్లచ్చి జారవలెను. కాంటేవాలా దీపముతో వంగి చూచిన చూపే ఈ ఉక్కుబిళ్లగా మారినది. కరెంటు లేనప్పుడు పెట్టెలో క్రాంకు పిడి చొప్పించి చేతితో త్రిప్పుదురు; పిడి చొప్పించిన క్షణమున మోటారుకు పోవు కరెంటు తనంత తానే తెగిపోవును. ఒక మనిషి చేయి లోపలనుండగా దూరమునుండి మరియొకడు మీట నొక్కకుండ కాపాడు ఏర్పాటది.

ఇప్పుడు బల్లపై రైలుమార్గమునకు వత్తము. ఈ అభిరుచి పాశ్చాత్య దేశములలో పెద్ద పరిశ్రమయైనది. మనదేశమున పూనాలోని జోషీ చిన్నరైళ్ల ప్రదర్శనశాల వంటివి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో స్థాపించుకొన్న మోడల్ రైలు సంఘమువారు టెలిఫోను ఎక్స్ఛేంజీల పాత రిలేలను సంపాదించి తమ కాంటాలను నడిపించిరి. దొరికిన పాత వస్తువును కొత్త పనికి మలచుట ఈ అభిరుచికి తొలినాటినుండి ప్రాణము. విదేశపు కాంటామోటార్లు ఇచ్చట దొరకుట కష్టము, దొరికినను ప్రియము. హైదరాబాదున కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్ దుకాణములు, జుమ్మేరాత్ బజారున నేలపై పరచిన పాత టేపురికార్డర్లు మన ఔత్సాహికునకు కల్పవృక్షములు.

బజారులో అమ్ము మోటార్లలో పాత రకమున రెండు తీగచుట్టలుండును. మీట నొక్కగానే ఇనుపముక్క ఠక్కున అటునుండి ఇటు దూకును. అది పని చేయును గాని, నాలుకను కొట్టునట్లు తోయును. మీట ఎక్కువసేపు నొక్కినచో చుట్ట కాలిపోవును. నిజమైన కాంటా కొన్ని క్షణములు మెల్లగా జరిగి నిలుచును. ఆ గంభీరగతిని కోరువాడు స్క్రూ మోటారును చేసికొనవలెను. క్యాసెట్టు టేపురికార్డరు మోటారు దీనికి చక్కగా సరిపడును. అయితే అందులో వేగమును నిలుకడగా నుంచు చిన్న సర్క్యూటు పలక తరచుగా నుండును. అదియున్నచో మోటారు ఒకే దిక్కున తిరుగును. వెనుక మూత విప్పి, ఆ పలకను తొలగించి, తీగలను నేరుగా బ్రష్షులకు అతికించినప్పుడే అది రెండు దిక్కులకు తిరుగును.

తరువాత సైకిలు చక్రపు పుల్ల. దాని కొసనున్న మర మిక్కిలి సన్ననిది. అంగుళమునకు 56 చుట్లు. మోటారు ఇరుసునకు పుల్లముక్కను సన్నని రబ్బరు గొట్టముతో తగిలించి, పుల్లకు సొంతమైన ఇత్తడి నిపిల్‌ను తిరుగకుండ పట్టి ముందుకు వెనుకకు మాత్రము పోనిచ్చినచో, ఒక చుట్టుకు అది అర మిల్లీమీటరుకన్న తక్కువ జరుగును. పది మిల్లీమీటర్ల ప్రయాణమునకు సుమారు 22 చుట్లు పట్టును. మోటారుకు తక్కువ వోల్టు నిచ్చినచో ఈ ప్రయాణము తొందరలేక సాగును. నిపిల్‌కు అతికిన సన్నని ఉక్కుతీగ బల్లలో రంధ్రముగుండ పైకి వచ్చి, రెండు నాలుకలను కలుపు అడ్డపట్టీని పట్టుకొనును. తీగ దారిలో రంధ్రముగల రేకుముక్క నొకదానిని ఆనికగా పెట్టి, దానిని పైకి క్రిందికి జరుపుచు, నిపిల్ పది మిల్లీమీటర్లు పోయినను నాలుక రెండు మూడు మిల్లీమీటర్లే పోవునట్లు సరిచేయవచ్చును. తీగకు గల స్థితిస్థాపకగుణము మిగిలిన తోపును మ్రింగి, నాలుకను పట్టాకు ఒత్తిపట్టును. ప్రయాణపు రెండు కొసలయందు మైక్రోస్విచ్చి నొక్కొక్కటి, దానికి అడ్డముగా డయోడు నొక్కొక్కటి పెట్టగా, కొస చేరినంతనే కరెంటు తెగును. దిక్కు మార్చినంతనే డయోడు తోవనిచ్చును.

ఇక్కడనే చాలమంది ఆగుదురు. ఆ మైక్రోస్విచ్చులకే ఆకుపచ్చ దీపమును కూడ తగిలించి, దీపము వెలిగినది గనుక కాంటా మారినదని సంతోషింతురు. ఆ దీపము నిజము చెప్పుట లేదు. పట్టాల నడుమ అతికిన ఇసుకలో ఒక రేణువు నాలుకక్రింద చేరినదనుకొనుడు: నాలుక సగములో ఆగును, తీగ వంగును, నిపిల్ మాత్రము నిరాటంకముగా కొస చేరి స్విచ్చి నొక్కును, దీపము వెలుగును, బండి పడును. నిపిల్ తన ప్రయాణమునకు తాను సాక్ష్యమిచ్చెనే గాని నాలుక సంగతి దానికి తెలియదు. తాళపుచెవి తేకుండ ‘కాంటా పెట్టితిని’ అని దూరమునుండి కేకవేసిన మనిషి మాట ఎట్టిదో ఇదియు నట్టిదే. మెట్టుగూడ పెట్టెలో లాగు కడ్డీ వేరు, సాక్ష్యపు కడ్డీ వేరు అగుట ఏల అవసరమైనదో ఈ చిన్న బల్లమీద చూచినవాడు మరువజాలడు. అడ్డపట్టీ రెండవ కొసకు తీగతో సంబంధము లేని సన్నని ఇత్తడి స్పర్శను అమర్చి, నాలుక పట్టా ప్రక్క పట్టాను నిజముగా అంటినప్పుడు మాత్రమే దీపమునకు కరెంటు పోవునట్లు చేసికొనవలెను. పరీక్షకు ఉక్కుబిళ్ల అక్కరలేదు. పోస్టుకార్డు ముక్క చాలును. దానిని సందులో పెట్టగా దీపము వెలుగరాదు.

కొలతల విషయమున మనవానికొక చిక్కు కలదు. లోకమున విరివిగా అమ్ము హెచ్.ఓ. సామగ్రి 1:87 పరిమాణము, పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. మన పెద్దలైను 1676 మిల్లీమీటర్లు; దానిని 87చే భాగించిన 19 మిల్లీమీటర్లు దాటును; కావున విదేశపు పట్టామీద మన పెద్దలైను బండి నిలిపినచో అది ఇరుకుగా కనబడును. కాని మీటరు గేజిని 87చే భాగించిన పదకొండున్నర. విదేశములలో 12 మిల్లీమీటర్ల పట్టా దొరకును. పాలమూరు చిన్నలైనును బల్లపై పరచుట భువనగిరి పెద్దలైనును పరచుటకన్న సులభమని దీని భావము. నా సలహా నడిగినవారికి నేను పాలమూరునే చెప్పుదును.

ఆ చిన్నలైను ఇప్పుడు నేలమీద లేదు. 1990ల దశకమున మీటరు గేజి పట్టాలను పెకలించి పెద్దలైను వేసిరి. సికింద్రాబాదునుండి మహబూబ్‌నగరు వరకు 85 కిలోమీటర్లు జంటదారియై, విద్యుదీకరణమై, 2023 ఏప్రిలులో జాతికి అంకితమైనది. ఒంటిదారి పోగా క్రాసింగుల నిరీక్షణ పోయినది. బరువు లీవర్లు, దీపపు కంబములు, తీగ కప్పీలు పాత ఇనుముగా తూకమునకు పోయినవి. ఇట్టి వస్తువులను ఒక్కొక్క స్టేషనులో నొక్కొక్కటియైన నిలుపుకొనవలసినదని నేను గట్టిగా నమ్ముదును.

కావున పాలమూరు చిన్నలైనును బల్లపై పునర్నిర్మింప బూనువాడు కాంటామోటారును బల్ల అడుగుననే దాచవలెను. ఆ కాలపు స్టేషనులో పట్టాప్రక్క మోటారు పెట్టె కనబడరాదు. పైన, నాలుక కొసకు ఎదురుగా, ఇత్తడి తీగను వంచి అల్లిన బరువు లీవరును నిలుపవలెను. అది అడ్డపట్టీతో పాటు కదలి ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు వాలవలెను. సిగ్నలు రెక్కకు వేరుగా మరియొక చిన్న మోటారు పెట్టి, దాని కరెంటును స్టేషను మాస్టరు మీటనుండి నేరుగా గాక నాలుక ప్రక్కనున్న ఆ ఇత్తడి స్పర్శ మీదుగా తీసికొనిపోవలెను. మీట ఎన్నిసార్లు నొక్కినను, నాలుక పట్టాను అంటనిది రెక్క దిగరాదు.